చెవి చిరిగిన పులి

"పులిని చూడందే తిరిగి వెళ్లను" అంది పడవ దిగుతూనే డాక్టరమ్మ.

రూబియేలా చేతి గ్లాసులో కాఫీ తొణికి కాళ్ల మీద పడింది. కాలిందని కూడా తెలియలేదు.

మగ్దలేనా నది పక్కన మడుగు. మడుగుకి అవతలి ఒడ్డున ఒక్క ముక్క అడవి. ఇక ఎటు చూసినా పామాయిల్ తోటలే. ఆ ముక్కయినా మిగిలిందంటే పులి చలవ. మచ్చల పులి తిరిగే అడవిలో గొడ్డలి పెట్టకూడదని సర్కారు రాసిపెట్టింది. అడవి పోతే మడుగు ఎండుతుంది, మడుగు ఎండితే చేప పోతుంది, చేప పోతే ఊరే పోతుంది. ఈ సంగతి అక్కడ చంటిపిల్లకి కూడా తెలుసు.

పులి ఉందని ఊరికే అంటే పట్నంలో ఎవరు నమ్ముతారు? ఫొటో కావాలి. మొదటిసారి ఆ ఫొటో తీసింది రూబియేలా మొగుడు ఎలియెసెర్. పెళ్లిళ్ల ఫొటోలు తీసే మనిషి. అడవిలో చెట్టుకి ఒక కెమెరా కట్టాడు. ఎదురుగా ఏది కదిలినా దానంతటదే ఫొటో తీసే రకం. అందులో ఎడమ చెవి చిరిగిన పులి ఒకటి పడింది. ఆయన జ్వరమొచ్చి పోయాక కెమెరా, కంప్యూటరూ రూబియేలా చేతికొచ్చాయి. అప్పటినుంచీ వానలకోసారి, ఎండలకోసారి పట్నానికి ఫొటోలు పంపుతూనే ఉంది.

పంపేముందు కంప్యూటర్లో వాటిని ముందేసుకుని కూర్చుంటుంది. వెలుగు చాలకపోతే పెంచుతుంది. అడ్డొచ్చిన ఆకు తుడుస్తుంది. మొగుడి పక్కన కూర్చుని పెళ్లికూతుళ్ల మొటిమలు తుడిచిన చెయ్యి, మూసుకున్న కళ్లు తెరిపించిన చెయ్యి, ఊరికే పోతుందా? పులి మీసాలు వెంట్రుక వెంట్రుకా తేలేదాకా లేవదు.

ఇప్పుడు తోటలవాళ్లు అర్జీ పెట్టారు, అక్కడ పులీ లేదు గిలీ లేదని. అది తేల్చడానికే పట్నం నుంచి ఈ డాక్టరమ్మ యమిలే వచ్చింది. రోగాల డాక్టరు కాదు, జంతువుల చదువు చదివిన పిల్ల. మంచి పిల్లే. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే నాలుగు తిట్టి పంపొచ్చు.

"ముందు తిను తల్లీ" అని బొకాచికో చేప వేయించి, కర్రపెండలం ఉడికించి పెట్టింది రూబియేలా. కంప్యూటర్ తెరిచి పాత ఫొటోలన్నీ చూపించింది. దారంతా బురద అంది, పాములంది, కందిరీగలంది. డాక్టరమ్మ ముళ్లు ఏరుకుంటూ తింది, ఫొటోలు మెచ్చుకుంది, చేతులు కడుక్కుంది.

"ఇవి కంప్యూటర్లోంచి వచ్చినవమ్మా. నేను చూడాల్సింది కెమెరాలో ఉన్నది. చెట్టు దగ్గరే విప్పి అక్కడికక్కడే చూస్తాను. ఏమీ అనుకోకండి."

రూబియేలా కంప్యూటర్ మూసేసింది.

పడవ వేసింది మరిది దాగోబెర్తో. అతని నోటికి తాళం లేదు. మా వదిన ఆ అడవిలోకి చేతికర్రయినా లేకుండా ఒక్కతే పోతుంది డాక్టరమ్మా, పులంటే ఆవిడకి పెంపుడు పిల్లి అన్నాడు. ఇన్నేళ్లయినా ఆ పులి అలాగే నిగనిగలాడుతోంది, మాకే పళ్లు ఊడుతున్నాయి అన్నాడు. డాక్టరమ్మ పగలబడి నవ్వింది.

రూబియేలా నవ్వలేదు.

"ఏంటొదినా, మొహం అలా పాలిపోయింది? పులికే భయపడవు, ఈ బక్కపిల్లకి భయమా?"

"నోరు మూసుకుని పడవ నడుపు."

కెమెరా కట్టిన బూరుగు చెట్టు నీళ్ల అంచునే ఉంది. రూబియేలా కెమెరా పట్టీ విప్పింది. చెయ్యి జారిందని చెప్పి మడుగులో పడేస్తే? పట్టు కొంచెం వదులు చేసింది కూడా. దాగోబెర్తో చటుక్కున పట్టుకున్నాడు. "జాగ్రత్తొదినా. అన్న కెమెరా అది."

డాక్టరమ్మ అందులోంచి కార్డు తీసి తను తెచ్చుకున్న చిన్న తెరకి తగిలించింది. ఒక్కో ఫొటో జరుపుతూ పైకే చెబుతోంది. ఆకులు. అడవిపంది. మళ్లీ ఆకులు. వాన.

రూబియేలా కళ్లు మూసుకుని చెట్టు వేరు మీద కూలబడింది. కార్మెన్ మాతకి కొవ్వొత్తి మొక్కుకుంది. చెట్లు కూలుతున్న చప్పుడు అప్పుడే చెవిలో మోగుతోంది.

డాక్టరమ్మ మాట ఆగిపోయింది.

"రూబియేలమ్మా, మీ పులికి ఎడమ చెవి చిరిగింది కదూ?"

"అ... అవును."

"దీనికి రెండు చెవులూ బాగానే ఉన్నాయే. అంటే ఇది ఇంకోటి."

దాగోబెర్తో గబగబా సిలువ గుర్తు వేసుకున్నాడు. డాక్టరమ్మ కళ్లు మెరిసిపోతున్నాయి. ఈ పొద్దునే పడింది, ఇదిగో ఈ వేరు పక్కనే నిలబడింది, ఇక ఈ అడవిని ఎవరూ ముట్టుకోలేరు అంటోంది.

రూబియేలా లేచి తెరలోకి చూసింది. ఫొటో వంకరగా ఉంది. మసకగా ఉంది. సగం ఒళ్లు ఆకుల చాటున పెట్టి, పులి సూటిగా ఆమె కళ్లలోకే చూస్తోంది.

అన్నేళ్లు కర్రయినా లేకుండా తిరిగిన చోట, మెల్లగా మరిది చొక్కా గుప్పిట పట్టుకుని పొదలవైపు తిరిగింది రూబియేలా.

మొగుడు పోయాక, తను అతికించకుండా పులి కనబడిన మొదటి ఫొటో అది.