బంకు ఎదుట సైకిళ్లు

చైను ఊడింది. సైకిలు ఒరిగింది. వెనక బుట్టలోని రొట్టెలు వాలు వీధిలో దొర్లుకుంటూ పోయాయి.

జివ్కా లబోదిబోమంటూ వాటి వెంట పరుగెత్తింది.

కింద మలుపు దగ్గర ఎవరో పెద్దాయన వంగి ఒక రొట్టెను చేత్తో పట్టుకున్నాడు. రెండోదాన్ని కాలు అడ్డంపెట్టి ఆపాడు.

“కాలు తగిలినదాన్ని నాకిచ్చెయ్యమ్మా, నేనే తింటాను.”

ఆయన్ని ఆ ఊళ్లో ఆమె ఎన్నడూ చూడలేదు. పొట్టి మనిషి. తెల్లటి మీసాలు. మోచేతుల దగ్గర అతుకులేసిన కోటు.

“పేరు హరలాంపి,” అంటూనే సైకిలు దాకా ఎక్కొచ్చి చైను తగిలించేశాడు. “ఇంత బరువు సైకిలు మీదా? బండి లేదా?”

“లేకేం, వ్యానుంది. పెట్రోలే లేదు. కొనం. ఊరంతా ఒట్టు పెట్టుకున్నాం.”

ఆ ఊరికున్నది వంతెన దగ్గరి బంకు ఒక్కటే. పట్నంలో కన్నా అక్కడ లీటరుకు ఇరవై స్తోతింకీలు ఎక్కువ. కొండమీది పల్లెలకు వ్యానులో రొట్టెలు చేరవేసే జివ్కాకు మిగిలేదంతా ఆ తేడాలోనే కరిగిపోయేది. ఇలాగే సాగితే పై పల్లెలకు వెళ్లడం మానుకోవలసిందే. అక్కడి ముసలివాళ్లకు వేరే దుకాణం లేదు. అందుకే చర్చి ముందు జనాన్ని కూడగట్టి, రేటు దిగేదాకా ఆ బంకు వైపు పోవద్దని మొదట అన్నది ఆమే.

“ఒక్కరోజు మానేస్తారా?” అడిగాడు హరలాంపి.

“ఒక్కరోజు మానేసి మర్నాడు ట్యాంకు నింపుకుంటే వాళ్లకేం నష్టం? దిగేదాకా ముట్టుకోం.”

ఆయన మొహం విప్పారింది. “అలా చెప్పు!”

మర్నాడు సంత మైదానంలో గోడవారగా కూర్చున్నాడు హరలాంపి. ఓ పంపు, రెండు పానాలు, నీళ్ల బకెట్టు.

అటకల మీది నుంచీ, కోళ్లగూళ్ల వెనకనుంచీ తాతలనాటి సైకిళ్లన్నీ బయటికొచ్చాయి. ఆయన గాలి కొట్టేవాడు, పంక్చర్లు వేసేవాడు, తుప్పు గీకేవాడు. ఒక్క స్తోతింకా పుచ్చుకోలేదు. వేడివేడి జున్ను రొట్టె, బనిత్సా, పెడితే మాత్రం వద్దనేవాడు కాదు.

టీచరమ్మ సైకిలెక్కింది. ఫాదరుగారు అంగీ ఎత్తి కట్టుకుని సైకిలెక్కితే వీధి వీధంతా చూడ్డానికొచ్చింది.

బంకులో పెట్రోలు కొట్టే దాంకా ఒక్కతే కూర్చుని స్వెట్టరు అల్లుకునేది. పోయిన శీతాకాలం బంకు చేతులు మారింది. కొత్త ఓనరు మొహం ఊళ్లో ఎవరూ చూడలేదు. ఆయనకు తగలాల్సిన తిట్లన్నీ పాపం దాంకాయే తినేది.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. జనం నీరసపడ్డారు.

జివ్కా మరిది రుమెన్ ఓ పొద్దున కారు తీశాడు.

“ఎక్కడికిరా?”

“బంకుకే వదినా. ఇక నా వల్ల కాదు. మనం నలుగురం కొనకపోతే రేట్లు దిగిపోతాయా? వాళ్లెక్కడ, మనమెక్కడ!”

హరలాంపి వానలో పరుగెత్తుకొచ్చి కారుకు అడ్డం నిలబడ్డాడు.

“ఇంకొన్నాళ్లు ఓపిక పట్టు బాబూ. నీ సైకిలుకు కొత్త టైర్లు వేశాను, చూడు.”

రుమెన్ గొణుక్కుంటూ కారు దిగాడు. కానీ జివ్కాకు అనుమానం వచ్చింది.

“నీకెందుకయ్యా ఇంత తాపత్రయం? కొత్త టైర్లు ఊరికే వస్తాయా? ఎవరు పంపారు నిన్ను? ఎన్నికల్లో నిలబడతావా, సైకిళ్ల కొట్టు పెడతావా?”

“రెండూ కాదమ్మా.”

“మరి?”

“రేటు దిగితే నాకూ మంచిదే.”

“నీకు కారే లేదు కదయ్యా!”

చుట్టూ ఉన్నవాళ్లు ఫక్కున నవ్వారు. ఆయనా నవ్వాడు, కాకపోతే కొంచెం ఆలస్యంగా.

“మా కష్టంతో నీ బేరం చేసుకోకు. నా సైకిలు జోలికి రాకు,” అంది జివ్కా.

మర్నాడు గోడవార ఎవరూ లేరు.

ఆ తర్వాతి వారం బంకు ముందు బోర్డు మీద అంకెలు మారాయి. పట్నం కన్నా తక్కువ!

కార్లన్నీ హారన్లు కొట్టుకుంటూ వంతెన మీదికొచ్చాయి. ఎవరో డోలు తెచ్చారు. చేతులు పట్టుకుని గొలుసుకట్టుగా ఆడారు. రుమెన్ అయితే జివ్కాను అమాంతం ఎత్తేశాడు.

“నువ్వే గెలిచావు వదినా! రేపటినుంచి నీ వ్యాను కొండెక్కుతుంది!”

ఆమె కడుపారా నవ్వింది. నవ్వుతూ జనంలో ఆ తెల్లమీసాల కోసం వెతికింది. కనబడలేదు.

ఇంటికెళ్లి అప్పుడే దించిన రొట్టెను గుడ్డలో చుట్టుకుని బంకుకు వెళ్లింది.

దాంకాకు ఊపిరాడటం లేదు, అన్ని బండ్లు.

“రేటు కట్టే పెట్రోలు కంపెనీవాళ్లే దిగొచ్చారు జివ్కా. తగ్గించమని మా ఓనరు ఎన్నిసార్లు మొత్తుకున్నా, జనం కొంటూనే ఉన్నారుగా, తగ్గించడమెందుకు అనేవాళ్లు. ఖాళీ బంకును కళ్లారా చూశాక వాళ్ల నోరు పడిపోయింది.”

“మీ ఓనరు గోల నాకెందుకులే. ఆ సైకిళ్లాయన ఎటెళ్లాడో తెలుసా? ఆయన్ని అనరాని మాటలన్నాను. ఈ రొట్టె ఇచ్చి, తప్పయిందని చెప్పుకోవాలి.”

“కొండకవతల సిన్యా వోదా ఊరికి వెళ్లాడు. అక్కడింకా రేటు దిగలేదట. పంపూ పానాలూ పట్టుకునే వెళ్లాడు.”

“అక్కడా సైకిళ్లేనా!” జివ్కాకు నవ్వాగలేదు. “ఆ ఊళ్లో ఆయనకేం పని?”

దాంకా పైపు తీసి కొక్కేనికి తగిలించింది.

“ఆ బంకు కూడా ఆయనదే,” అంది.