పన్నెండు ఇటుకలు

హర్షిణి చేసిన ఇటుకలను మార్చేయాలని సంపత్ సోమవారం పొద్దున చాయ్ తాగుతూ నిర్ణయించుకున్నాడు. చాయ్ అయిపోయేలోగా మనసు దూదిపింజలా తేలికైంది. ఈ ఆలోచన ఇన్నాళ్లూ ఎందుకు రాలేదా అని తన మీద తనకే జాలేసింది.

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే రోడ్డు మీద అతనికి గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. రాళ్లను కోసి నునుపు చేస్తుంటే నీళ్లతో పాటు వచ్చే రాతి బురద వెనుక గుట్టలా పెరిగిపోయింది. దాన్ని వదిలించుకునే దారి చూపకపోతే నెలాఖరుకు తాళం వేస్తామని అధికారులు నోటీసు ఇచ్చారు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న హర్షిణి వచ్చి, ఆ బురదతో ఇటుకలు చేద్దామంది. ఫ్యాక్టరీ, పరిశోధకులు కలిసి పనిచేస్తే సర్కారు గ్రాంటు ఇస్తుంది. గ్రాంటు వస్తే తాళం తప్పుతుంది.

చిక్కల్లా ఒక్కటే, ఇటుక నిలబడటం లేదు. పదకొండు సార్లు చేస్తే పదకొండు సార్లూ పరీక్ష యంత్రం కింద బిస్కెట్‌లా పొడైంది. మంగళవారమే హైదరాబాద్ నుంచి గ్రాంటు కమిటీ వస్తోంది.

"ఈసారన్న నిలుస్తయా చెల్లె?"

"నిలవాలె అన్నా," అంది హర్షిణి, తడి గోనెసంచుల కింద ఉన్న పన్నెండు ఇటుకల వైపు చూడకుండా.

ఆ చూడకపోవడమే సంపత్‌కు జవాబు. కొలతల టేపు జేబులో వేసుకుని కారెక్కాడు.

దగ్గర్లో కొంటే ఎవరైనా గుర్తుపడతారని కొండగట్టు దాటేదాకా పోయాడు. రోడ్డు పక్కన ఇటుకలు పేర్చుకుని బుచ్చవ్వ అనే ముసలామె కూర్చుని ఉంది. సంపత్ ఒక ఇటుకను ఎత్తి నేలకేసి కొట్టాడు. నేలకు గుంట పడింది గానీ ఇటుక అంచు కూడా చెక్కుచెదరలేదు. కొలత సరిపోయింది. రంగు కూడా అచ్చం హర్షిణి ఇటుకల రంగే. అంతా అంజన్న దయ అనుకుని గుట్ట వైపు తిరిగి దండం పెట్టాడు.

"పన్నెండు ఇయ్యి అవ్వా."

"పన్నెండా? గంతట్ల ఏం గడ్తవ్ బిడ్డా, కోళ్లగూడా?"

"తులసి గద్దె."

"ఏడికెల్లి అచ్చినవ్? ఏం పని జేస్తవ్?" బుచ్చవ్వ చూపు అతని చెప్పులకు అంటిన తెల్లటి దుమ్ము మీద ఆగింది.

"కరీంనగర్ల బట్టల దుకాణం."

బుచ్చవ్వ హాయిగా నవ్వి, ఇటుకలను తానే కారు డిక్కీలోకి ఎక్కించింది.

మంగళవారం కమిటీని పిలుచుకురావడానికి హర్షిణి గేటు దాకా వెళ్లింది. ఆ కాసేపట్లో సంపత్ పని ముగించాడు. గోనెసంచుల కింద కొత్త ఇటుకలు పెట్టి, వాటి మీద ఎర్ర రంగుతో హర్షిణి వేసినట్టే నంబర్లు వేశాడు. ఆమె ఇటుకలను డిక్కీలో దాచబోతే మూడు చేతిలోనే విరిగాయి. ఎంత మంచి పని చేస్తున్నానో అనుకున్నాడు.

కమిటీ పెద్ద అరుణ్‌కుమార్ నవ్వును కూడా సంతకం పెట్టించుకుని గానీ ఇవ్వని మనిషిలా ఉన్నాడు. మొదటి ఇటుకను యంత్రం కింద పెట్టమన్నాడు.

యంత్రం మీది ముల్లు కదిలింది. హర్షిణి కళ్లు మూసుకుంది. ముల్లు ఇంకా పైకి పోయింది. యంత్రం మూలిగింది, ఇటుక మూలగలేదు. రెండోదీ అంతే. మూడోదానికి అరుణ్‌కుమార్ కుర్చీలోంచి లేచి, "శభాష్!" అన్నాడు.

హర్షిణి కేక పెట్టి ఫ్యాక్టరీ చుట్టూ పరుగెత్తింది. కూలీలు ఈలలు వేశారు. ఎవరో జిలేబీలు తెచ్చారు. సంపత్ రెండు జిలేబీలు ఒకేసారి నోట్లో పెట్టుకుని చిందులేశాడు. అరుణ్‌కుమార్ ఫైలు తెరిచి పెన్ను మూత తీశాడు.

సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ వెస్లీ ఒక ముసలామెను వెంటబెట్టుకుని వచ్చాడు. "సార్, యెనుక గోడ కాడ దొరికింది గీమె. ఏం పని మీద అచ్చినవంటే నోరిప్పుతలేదు."

బుచ్చవ్వ!

జిలేబీ సంపత్ గొంతులో అడ్డం పడింది. తన గుట్టు బయటపెట్టడానికే వచ్చిందనుకున్నాడు. "గీమె ఎవలో నాకు తెల్వదు!" అన్నాడు, ఎవరూ అడగకముందే.

"ఓ బిడ్డా! బట్టల దుకాణమంటివి గదా!" అంది బుచ్చవ్వ నోరు వెళ్లబెట్టి. అంతలో ఆమె కళ్లు యంత్రం మీద పడ్డాయి. "అగో! నా ఇటుక గీడికెట్ల అచ్చింది?"

అరుణ్‌కుమార్ పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. "మీ ఇటుకా?"

ఇక దాచి లాభం లేదని సంపత్ రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది సార్. చెల్లెకేం తెల్వదు. గవి నేనే గీ అవ్వ తాన కొనుక్కొచ్చి పెట్టిన. మేం జేసినయి డిక్కీల ఉన్నయ్, పొడి పొడి అయినయ్."

"అన్నా!" అంటూ హర్షిణి ఉన్నచోటే కూలబడింది.

అరుణ్‌కుమార్ పెన్ను మూత పెట్టి, ఫైలు మూసేశాడు. "మీ బురదతో చేశామని చెప్పి బయటి ఇటుకలు చూపిస్తారా? గ్రాంటు సంగతి తర్వాత, ముందు పోలీసులను పిలవండి."

పోలీసుల మాట వినగానే బుచ్చవ్వ వెస్లీ చేతిని విదిలించుకుని వచ్చి అరుణ్‌కుమార్ కాళ్ల మీద పడింది.

"పోలీసోళ్లు అద్దు సారూ, నేనే ఒప్పుకుంటున్న! మూడేండ్ల సంది గీ గోడ యెనుక పారబోసిన బురదనే దొంగతనంగ ఆటోల ఎత్తుకపోయి, సున్నం గలిపి ఇటుకలు జేస్తున్న. గా పన్నెండింట్ల బయటి మన్ను చిటికెడు గూడ లేదు!"