కడపంక్తి

ఆ ల్యాబు ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న మంచిపేరు ఆ రోజు భోజనాల వేళకల్లా పోయింది.

రిసెప్షన్‌లో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. అందరిదీ ఒకటే గోల. "మీ పరీక్షలో క్యాన్సర్ కణాలు కనిపించాయి. వెంటనే డాక్టరును కలవండి" అన్న మెసేజి, నిన్న పరీక్షకు వచ్చిన ప్రతి ఒక్కరి ఫోనుకూ వెళ్ళింది.

"ఊరంతటికీ ఒకేసారి జబ్బు చేసిందా?" ల్యాబు యజమాని డాక్టరుగారు ప్రోగ్రామరు బల్ల ముందు నిలబడి అరిచారు. "కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, గో అని కొత్త కంప్యూటరు భాష నేర్చుకున్నాను, నేర్చుకున్నాను అంటూ చంపుకుతిన్నావు. పాత ప్రోగ్రాము నీకేం అన్యాయం చేసిందయ్యా?"

"అది ఒకరి తర్వాత ఒకరికి, నెమ్మదిగా పంపేదండీ. గో భాషలో రాస్తే అందరికీ ఒక్కసారే వెళ్తాయని..."

"వెళ్ళాయిగా!"

ప్రోగ్రామరు, నా కంప్యూటర్లో సరిగ్గానే వచ్చిందండీ అనబోయి ఊరుకున్నాడు. ఆ మాట ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

డాక్టరుగారు రిసెప్షన్ అమ్మాయి వైపు తిరిగారు. "నువ్వు లిస్టు పైనుంచి పట్టు. ఒక్కొక్కరి అసలు రిపోర్టు తెరిచి, చూసి, ఫోను చెయ్యి. ముందు క్షమాపణ, తర్వాతే రిపోర్టు."

ప్రోగ్రామరు మెట్ల దగ్గరికి వెళ్ళి తన ఫోను తీశాడు. నిన్న వచ్చినవాళ్ళలో అతని అక్క కూడా ఉంది. చంకలో చిన్న గడ్డ. చూపించుకో అక్కా అని నెలల తరబడి బతిమాలి, పట్టుబట్టి తీసుకొచ్చింది అతనే.

మొదటి రింగుకే ఎత్తింది. ఎక్కిళ్ళు వినిపించాయి.

"అక్కా, ఏడవకు. అది తప్పుడు మెసేజి."

"నాకు ధైర్యం చెప్పకురా."

"ధైర్యం కాదక్కా. అందరికీ అదే వెళ్ళింది. నా ప్రోగ్రాములో తప్పు. ఇక్కడ డాక్టరుగారు నన్ను నిలబెట్టి కడిగేస్తున్నారు."

"నా మీద ఒట్టేసి చెప్పు."

"నీ మీద ఒట్టు."

అవతల ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"దొంగ వెధవా! ఈ కాసేపట్లోనే పిల్లదాన్ని మనసులో నీకు అప్పగించేశానురా, తెలుసా? నిన్న ఏమన్నావు? బయటివాళ్ళ పేర్లు ముందు రాయనీ, మనది ఆఖర్న రాయిద్దాం, వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదు అన్నావు. ఇదేనా నీ వడ్డన?"

"తప్పయిపోయిందక్కా."

"నిన్నటి నుంచి కంటిమీద కునుకు లేదు. ఫోను కట్టేసి పడుకుంటాను. ఇంకోసారి డాక్టరూ గీక్టరూ అన్నావో, చెవి మెలేస్తాను."

"సరే. పడుకో."

అతను లోపలికి వచ్చేసరికి గదిలో గొంతులు తగ్గాయి. "ఇందాక చెప్పు తీసుకుని వస్తానన్న ఆయనే ఇప్పుడు చల్లగా ఉండమ్మా అంటున్నాడండీ" అంది రిసెప్షన్ అమ్మాయి, తర్వాతి నంబరు నొక్కుతూ. పైనుంచి తెరిచిన ప్రతి రిపోర్టూ బాగానే ఉంది. డాక్టరుగారు కూడా కుర్చీలో కూర్చున్నారు.

డాక్టరుగారు పిలిపించిన మాస్టారు అప్పటికే వచ్చి తెర ముందు ఉన్నాడు. ప్రోగ్రాములు రాయడంలో తల నెరిసిన మనిషి. ఏది అడిగినా విసుక్కోకుండా చెప్తాడని అందరూ మాస్టారనే పిలుస్తారు. తెర మీద ఒక వరస దగ్గర వేలు ఆపాడు.

"ఇదిగో చూడు అబ్బాయ్. ఒక్కొక్కరికీ ఒక్కో పోస్టుమాన్‌ను పంపావు. బాగుంది. ప్రతివాడి చేతిలో నంబరు పెట్టావు. అదీ బాగుంది. రిపోర్టు మాత్రం చేతిలో పెట్టలేదు. గోడ మీద బోర్డుంది, చూసి రాసుకెళ్ళండి అన్నావు. వాళ్ళు తల తిప్పేలోగా, లిస్టంతా వరసగా చదివే నీ లూపు ఆ బోర్డు మీద ఒకటి చెరిపి ఇంకొకటి రాస్తూ చివరిదాకా పోయింది. వాళ్ళు చూసేసరికి బోర్డు మీద మిగిలింది ఒక్కటే. అందరూ దాన్నే రాసుకెళ్ళారు."

"మరి నా కంప్యూటర్లో..."

"నీ దగ్గరున్నది కొత్త గో. అందులో ఈ గుంత పూడ్చేశారు. ల్యాబు సర్వర్లో ఉన్నది పాత గో. బాధపడకు, గో నేర్చుకున్నవాళ్ళలో ఇందులో పడనివాడు లేడు. నేనూ పడ్డాను." మాస్టారు నవ్వాడు.

డాక్టరుగారు నవ్వలేదు. "అంటే ఆ క్యాన్సర్ మాట గాల్లోంచి పుట్టలేదన్నమాట. ఎవరిదో ఒకరిదే."

"ఒకరిదే. బోర్డు మీద ఆఖర్న రాసినవాళ్ళది. అందరికీ అబద్ధం వెళ్ళింది. ఆ ఒక్కరికి మాత్రం నిజమే వెళ్ళింది."

ప్రోగ్రామరు లిస్టు అడుక్కి వెళ్ళి ఆఖరి పేరు చూశాడు.

"ఆఖరి నంబరు ఒక్కటే మిగిలిందండీ" అంది రిసెప్షన్ అమ్మాయి, ఫోను చెవికి ఆనించుకునే. "స్విచ్చాఫ్ వస్తోంది."

అక్కకు అందిన నిజాన్ని అబద్ధమని ఒట్టేసి చెప్పింది అతనే.