నిద్రపట్టని అక్క

ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన నేను బ్లాగులో కథలు రాస్తానంటే మా ఆయనకి నవ్వు. "రచయిత్రి గారూ, మీ అమ్మా నేనూ తప్ప చదివేదెవరండీ?" అని ఆ రాత్రి కూడా డ్యూటీకి వెళ్తూ వెక్కిరించాడు.

చదివే మనిషి ఒకరున్నారు. 'నిద్రపట్టని అక్క' అనే పేరుతో రోజూ కామెంటు పెడుతుంది. నేనూ సొంత చెల్లెల్లా జవాబిస్తాను. కానీ దిష్టి తగులుతుందన్న భయంతో, నాకున్నది పాప అయినా, బ్లాగంతా 'మా బాబు' అనే రాశాను.

వీధి తలుపు గడియ రెండుసార్లు చూసుకుని, పాపని లోపలి గదిలో పడుకోబెట్టి, వంటింట్లో కూర్చుని కొత్త కథ పెట్టాను. ఫ్రిజ్ రొద తప్ప ఇంట్లో చప్పుడు లేదు. వెంటనే కామెంటు వచ్చింది.

"కథ బాగుంది చెల్లీ. పాప దుప్పటి తన్నేసింది. నేను కప్పాన్లే, నువ్వు రాసుకో."

బ్లాగులో నేనెప్పుడూ పాప అని రాయలేదు. లోపలికి పరుగెత్తాను. పాప ఊపిరి మెల్లగా వినిపిస్తోంది. రోజూ కాళ్ల దగ్గర ఉండలా పడుండే దుప్పటి మెడదాకా కప్పి ఉంది. అంచులు పరుపు కింద దోపి ఉన్నాయి. నాకు అలా దోపే అలవాటు లేదు.

చేతిలో ఫోను మోగింది.

"తలుపు మెల్లగా వెయ్యి చెల్లీ, ఇప్పుడే కునుకు పట్టింది."