వదలని చెయ్యి

పెళ్లయిన ఇన్నేళ్లలో వీధిలో ఎన్నడూ నా చెయ్యి పట్టుకోని మనిషి, రంగుల పరుగు మొదలవగానే గట్టిగా పట్టుకున్నాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మొగుడికి ఉన్నట్టుండి ప్రేమ పొంగిందంటే పాలు ఎక్కడో విరిగినట్టే.

అసలు చివర్లో అందరి మీదా రంగులు చల్లే ఈ పరుగుకి ఇద్దరి పేర్లూ ఇచ్చిందే ఆయన. సందు చివరి కొట్టుకి వెళ్లమంటేనే మోకాళ్ల నొప్పులని మూలిగే మనిషి!

జనం తోసుకుంటూ పరిగెడుతున్నారు.

"ఇక్కడ గుంట ఉంటుంది, చూసుకో," అన్నాడు. ఉంది. "మలుపులో రోడ్డు ఎత్తుగా ఉంటుంది," అన్నాడు. అదీ ఉంది.

"ఈ దారి మీకెలా తెలుసు?"

"ఏదో, తెలుసులే."

దారి పక్కన నీళ్లు అందిస్తున్న ఓ కొట్టావిడ ఆయన్ని చూసి నవ్వింది. "ఇవాళ మీ ఆవిడని తెచ్చారా సార్?"

ఇవాళట! అంటే రోజూ పార్కుకని చెప్పి, ఈ రోడ్డు మీద ఎవర్ని వెంటేసుకు తిరుగుతున్నట్టు? చెయ్యి విదిలించుకోబోయాను. వదల్లేదు.

గమ్యం దగ్గర మా నెత్తిన బుట్టలకొద్దీ రంగు కుమ్మరించారు. అయినా నా కోపం చల్లారలేదు.

"నా మొహంలోకి చూసి చెప్పండి. ఎవరది?"

ఆయన తలెత్తాడు. చూపు నా చెవి పక్కన ఎక్కడో ఆగింది.

"ఎవరూ లేరే పిచ్చిదానా. ఈ గులాబీ రంగులో ఎంత బాగున్నావో!"

నన్ను నేను చూసుకున్నాను. తల నుంచి కాళ్ల దాకా చిక్కటి నీలం. గుంటలూ మలుపులూ ఎందుకు బట్టీ పట్టాడో, నా చెయ్యి ఎందుకు వదల్లేదో అప్పుడు అర్థమైంది.

"అవునండీ, గులాబీయే," అన్నాను. ఈసారి ఆయన చెయ్యి నేను పట్టుకున్నాను.