బేరాల బాబాయి

"టమాటాలు కిలో నలభై," అంది కూరలావిడ.

కోడలు మారుమాట లేకుండా పర్సు తీసింది.

ఈలోగా పక్కనుంచి ఒక పెద్దాయన చొరబడ్డాడు. పొడుగు చేతుల చొక్కా, చంకలో మడతపెట్టిన గుడ్డసంచి. ఒక కాయ ఎత్తి వెలుతురుకేసి తిప్పి చూశాడు.

"ముప్పైకిస్తే తీసుకుంటా. లేదంటే నీ టమాటాలు నీవి, నా డబ్బులు నావి."

కుదరదంది ఆవిడ. పొద్దు వాలుతోందనీ, పండిన కాయ రేపటిదాకా ఆగదనీ ఆయన నెమ్మదిగా గుర్తుచేశాడు. ఆవిడ ఒక మెట్టు దిగింది. ఆయన కదల్లేదు. చివరికి సరే ముప్పై అని విసుక్కుంది.

తీరా ఆవిడ దిగివచ్చాక, ఇవాళ వద్దులే అని కాయ గంపలో పెట్టేసి వెళ్లిపోయాడాయన.

ఒకసారి నోరు జారాక తప్పుతుందా అంటూ కూరలావిడ కోడలికీ అదే ధరకు తూచింది.

మిగిలిన చిల్లర పర్సులో వేసుకుంటూ కూడా కోడలికి చిరాకే వేసింది. కొననివాడికి బేరమెందుకు?

ఆమెకు అడగడం చేతకాదు. ఇంతకాలం ఇంటి బజారంతా అత్తగారిదే. ఆవిడకు మోకాళ్లు పట్టేశాయి. సరిగ్గా అప్పుడే భర్త పనిచేసే ఫ్యాక్టరీలో జీతాలు సగానికి కోశారు. మూలిగే నక్కమీద తాటిపండు పడ్డట్టయింది.

మనిషి లేని గదిలో లైటు ఆర్పడం మొదలుపెట్టారు. పెద్దదాని గౌను చిన్నదానికి కుట్టి సరిపెట్టారు. భర్త బస్సు మానేసి నడుస్తూ, పొట్ట తగ్గుతోందిలే అని నవ్వించేవాడు. అయినా నెలాఖరుకి దుప్పటి ఎటు లాగినా ఇంకోవైపు చాలేది కాదు.

ఒక పొద్దున అత్తగారు బీపీ మాత్రను చాకుతో సగం చేస్తుంటే కోడలు చూసింది.

ఇదేమిటత్తయ్యా అని అడిగితే, డాక్టరే తగ్గించమన్నాడని ఆవిడ ముఖం తిప్పుకుంది. డాక్టరు గడప తొక్కి ఏడాదైంది.

ఆ సాయంత్రం ఏమైనా సరే బేరమాడాలని బయలుదేరింది కోడలు. గంప ముందుకెళ్లేసరికి నాలుక పైకి లేవలేదు. మళ్లీ ఆ పెద్దాయనే ఎక్కడినుంచో ఊడిపడ్డాడు. క్యాబేజీ పై ఆకులు వలిచి తూచమన్నాడు. చిన్న బంగాళాదుంపలకు రుచేమైనా తక్కువా అని వాటి ధర విడిగా తెగ్గొట్టాడు. ఏదీ కొనకుండానే పోయాడు.

ఇది అలవాటైంది. కోడలు ఆయనకు బేరాల బాబాయి అని పేరు పెట్టి, ఇంట్లో ఆయన లాగా మాట్లాడి చూపించేది. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు.

"ఆయన నోటితో నీ సంచి నిండుతోంది కదే, తిట్టుకుంటావెందుకు?" అనేది అత్తగారు.

కోడలికి మాత్రం కూరలావిడ మీద జాలి. ఒకరోజు ఉండబట్టలేక ఆయన్నే అడిగేసింది.

"కొనేదీ లేదు, పెట్టేదీ లేదు. ఆవిడ ప్రాణం ఎందుకు తోడేస్తారండీ?"

ఆయన నొచ్చుకోలేదు.

"అడగడానికి డబ్బులివ్వక్కర్లేదు తల్లీ. ఒకసారి నువ్వడిగి చూడు. ఇవ్వకపోతే పోయేదేముంది?"

ఆ తర్వాత ఆయన కనబడటం మానేశాడు.

ఆయన రాని మొదటి సాయంత్రం కోడలు గంప ముందు చాలాసేపు నిలబడింది. ఎవరూ చొరబడలేదు. చెవులు వేడెక్కుతుండగా, క్యాబేజీ పై ఆకులు వలిచి తూచమని చెప్పింది. ఆవిడ వలిచింది. ధర తగ్గించమంది. ఆవిడ కాసేపు గొణిగి తగ్గించింది. ఇంటికి నడుస్తుంటే, ఏదో పరీక్ష పాసైనంత తేలిగ్గా ఉంది.

కూరల్లో నేర్చింది పప్పులకూ నూనెకూ పాకింది. చేతిలో నాలుగు రాళ్లు నిలవసాగాయి. నెల మొదట్లో మందుల షాపుకెళ్లి నెలకు సరిపడా మాత్రలు తెచ్చి అత్తగారి ఒళ్లో పెట్టింది. ఆవిడ మాత్రల అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, ఒక మాత్ర విరవకుండానే మింగింది. కోడలి చెయ్యి పట్టుకుని వెంటనే వదల్లేదు.

"మీ బేరాల బాబాయి చల్లగుండాలి," అంది.

మర్నాడే కోడలు బజారుకెళ్లి, నిగనిగలాడే వంకాయలూ, గట్టి టమాటాలూ ఏరించి విడిగా కట్టించింది. ఇవి ఆ పెద్దాయనకు, ఎప్పుడూ ఖాళీ సంచితోనే వెళ్లేవాడు, ఈసారైనా నింపి పంపుదాం, ఎప్పుడొస్తాడని అడిగింది.

కూరలావిడ తక్కెడ పక్కన పెట్టింది.

"ఇంకెక్కడ వస్తాడమ్మా? అదిగో, ఎదురుగా బట్టల గోదాముకి కాపలా ఆయనే, ఉండేదీ అందులోనే. దాన్ని ఎత్తేశారు. ఏ ఊరెళ్లాడో ఎవరికీ తెలీదు."

కోడలు మూసి ఉన్న ఆ తలుపుల వైపు చూసింది. తను ఆయనతో మాట్లాడిన ఒక్కసారీ దెప్పడానికే మాట్లాడింది.

అడగని వాళ్లకే మేము ఎక్కువ చెబుతామమ్మా, అందరికీ ఇచ్చే ధరకే ఆయన నన్ను దించేవాడు, అంది కూరలావిడ. పోట్లాడిన రోజల్లా తర్వాత వచ్చి టీ ఇప్పించి, మనసులో పెట్టుకోకని చెప్పేవాడట.

"ఈ కూరలు ఎలాగైనా ఆయనకి చేర్చలేమా?" అంది కోడలు.

"చేర్చినా ఏం చేసుకుంటాడమ్మా? గోదాములో బట్టల మధ్య అగ్గిపుల్ల కూడా గీయనిచ్చేవారు కాదు, రెండు పూటలా హోటలు పొట్లమే. నీలాంటి నోరులేని వాళ్లు గంప ముందు నిలబడితేనే ఆ గోదాము మెట్లు దిగి వచ్చేవాడు కానీ, ఇన్నేళ్లూ ఆయనకసలు పొయ్యే లేదు."