అభ్యంతరాల గడి

మూడు శాఖలు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఆ భవనంలో అదే మొదటిసారి. ఆ సంబరానికి బల్ల మీద కొత్త గుడ్డ కూడా పరిచారు.

అద్దాలు కోసే నాన్న కూతురి చక్రాల కుర్చీని బల్ల దాకా తోసి, తను వెళ్లి గోడకి ఆనుకున్నాడు. ఆఫీసర్లని చూస్తే ఆయనకి నోరు పెగలదు. అందుకే పదకొండేళ్ల కూతుర్ని ముందు పెట్టుకుని వచ్చాడు. ఇంట్లో ఆమెకి లాయరమ్మ అని పేరు.

సంగతి చిన్నదే. లాయరమ్మకి ఐదో తరగతి అయిపోయింది. ఐదు దాకా ఒక శాఖ బడి, ఆరు నుంచి ఇంకో శాఖ బడి. పాత బడి ఇచ్చిన పరికరం ఇవాళే వాళ్లకి అప్పజెప్పాలి. అది చేజారితే కొత్త బడిలో తన పని అయిపోయినట్టేనని ఆమె భయం. నాన్న భయం అంతకి రెండింతలు.

"కుర్చీ గురించి బెంగపడకండి. అది మాది, మీ దగ్గరే ఉంటుంది," అంది సంక్షేమ శాఖ మేడమ్.

"కుర్చీకి థాంక్స్ అండీ. నేనొచ్చింది రెండో దాని కోసం. కొత్తది వచ్చేదాకా పాతది నా దగ్గరుంటే మీకేం నష్టం?" అంది లాయరమ్మ.

తల వంచుకుని ఒళ్లోకి చూస్తూ మాట్లాడటం ఆమెకి అలవాటు. ఏదైనా నింపాదిగా చెబుతుంది. ఎంత కోపమొచ్చినా గొంతు పెంచదు.

"ఎంత చక్కగా అడిగిందండీ!" అని మురిసిపోయాడు ఆరోగ్య శాఖ డాక్టరు.

విద్యాశాఖ అధికారి తన కంప్యూటర్ ఆమె వైపు తిప్పాడు.

"ఇదిగో చూడమ్మా. 'బిడ్డ దగ్గర ఇప్పటికే పరికరం ఉందా?' అని అడుగుతోంది. లేదు అని కొడితేనే కొత్తదానికి ఆర్డరు వెళ్తుంది."

"కొట్టండి మరి."

"నీ దగ్గర ఉంది కదమ్మా. అబద్ధం ఎలా కొడతాం?"

"కొత్తది ఎప్పుడొస్తుంది?"

"మూడు నెలలు. కళ్లు మూసి తెరిచేలోగా వచ్చేస్తుంది."

"అయితే ఆ మూడు నెలలూ మీ కంప్యూటర్ నాకిచ్చేసి, మీరు కళ్లు మూసుకోండి."

ముగ్గురూ పగలబడి నవ్వారు. డాక్టరుకైతే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. నవ్వు ఆగాక, రూల్ రూలేనని తేల్చారు.

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. పరికరం నాన్నే కుర్చీ నుంచి విప్పాడు. అద్దాన్ని పట్టుకున్నంత జాగ్రత్తగా రెండు చేతులతో పట్టుకుని బల్ల మీద పెట్టాడు. గుమాస్తా నంబరు సరిచూసుకుని, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. అధికారి 'లేదు' అని కొట్టాడు. అవసరమేనని డాక్టరు సంతకం పెట్టాడు. మేడమ్ మంజూరు చేసింది. ఏడాది పట్టే పని పది నిమిషాల్లో తెమిలిందని ముగ్గురూ ఒకరినొకరు మెచ్చుకున్నారు.

ఇంకొక్క గడి మిగిలింది. బిడ్డ అభ్యంతరాలు.

"ఇది కొత్తగా మేమే పెట్టించాం," అంది మేడమ్, కాస్త గర్వంగానే. "బిడ్డ మాట వినకుండా ఏదీ ఖాయం చెయ్యం."

నాన్న ఎలాగో ధైర్యం కూడదీసుకుని ఒక అడుగు ముందుకేశాడు.

"అమ్మా, అది..."

"మీరు కాదండీ. పాపనే చెప్పనివ్వండి."

అందరూ లాయరమ్మ వైపు తిరిగారు. ఆమె ఆ పూట మొదటిసారి తలెత్తి ముగ్గురినీ సూటిగా చూసింది. రూల్ ప్రకారం రెండు నిమిషాలు ఆగాలి. ఆగారు.

మేడమ్ గడిలో 'ఏమీ లేవు' అని రాసింది.

పుట్టుకతోనే మాట రాని లాయరమ్మ వేలితో నొక్కిన ప్రతి మాటనీ పొద్దుట్నుంచీ పైకి పలికింది, ఇప్పుడు బీరువాలో ఉన్న ఆ పరికరమే.